సమదుఃఖుల సాంగత్యము

పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చగా గనబడునని మనవారు చెప్పుదురు. ఈ సామెత చిరకాలముగా మన నాలుకలపై నాడుచున్నది. కాని వైద్యుల నడిగినచో, కామెరలు కమ్మిన రోగి కన్నులు పచ్చబడునేగాని వాని చూపు పచ్చబడదని చెప్పుదురు. రంగు మారినది వాని చూపు గాదు, వానిని జూచు మన చూపు. ఒకనికి కాలేయము చెడినదని వినినంతనే ‘త్రాగుడు కాబోలు’ ననుకొను లోకమునకే నిజమైన కామెరలు పట్టినవి. ఆ చూపువలన రోగులకు గలిగిన యొంటరితనమును, దానిని దొలగించుటకు రోగులే యొకరికొకరు తోడై సాగించిన ప్రయత్నముల చరిత్రను ఈ వ్యాసమున సంగ్రహముగా జెప్పదలచితిమి.

కాలేయము మిక్కిలి యోర్పుగల యవయవము. ఇంచుమించు కిలోన్నర తూగు నీ గ్రంథి, కొంతభాగము చెడినను మిగిలిన భాగముతో పని నెట్టుకొని వచ్చును. కొంత కోసివేసినను మరల బెరుగును. అందుచేతనే దాని వ్యాధి చాలకాలము మూగగా నుండును. కడుపు నీరుపట్టి, కాళ్లు వాచి, కన్నులు పచ్చబడి, నెత్తురు కక్కు నాటికిగాని యింటివారికి సంగతి తెలియదు. చెడుటకు గారణము లనేకములు. మద్యపాన మొకటి. హెపటైటిస్ బి, సి యను వైరసులు రెండు. దేహమున గ్రొవ్వు పెరిగి కాలేయమున జేరుట మరియొకటి. తన దేహపు రక్షణశక్తి తన పిత్తనాళములనే శత్రువులుగా నెంచి పాడుచేయుట యింకొకటి. పుట్టుకతోనే పిత్తనాళములు మూసికొనిపోయిన పసికందులును గలరు. ఇన్ని తెరవుల జేరెడి గమ్యము మాత్ర మొక్కటియే: కాలేయము మచ్చలుబడి గట్టిపడుట. దీనికి 1819లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ ‘సిరోసిస్’ అని పేరు పెట్టెను. గుండె చప్పుడు వినెడి స్టెతస్కోపును గనిపెట్టిన మహనీయు డితడే. ఆ పేరునకు మూలమైన గ్రీకు పదమునకు గోరోజనపు వన్నె, పసుపు కలిసిన కపిలవర్ణము అని యర్థము. రోగి శవమును గోసి చూచినపుడు కాలేయ మా రంగున గనబడినదని యాయన యట్లు వ్రాసెను. ఆ మాటలో మద్యము ప్రసక్తి లేదు; దోషము ప్రసక్తి లేదు. ఉన్నది రంగు మాత్రమే. తరువాత నా మాటకు నిందను జేర్చినది లోకము.

ఆ నింద యింటిలో నేమి చేయునో మన మెరుగనిది కాదు. త్రాగి కాలేయము చెడగొట్టుకొన్నవాడు ‘చేసికొన్నవాని కనుభవింపక తప్పునా’ యను మాట విని తలవంచుకొనును. ఎన్నడును త్రాగనివాడు తాను త్రాగలేదని ప్రతి చుట్టమునకు బ్రమాణము చేయవలసివచ్చును. స్త్రీ యైనచో రోగముపేరే యింటిగడప దాటదు. కూతురి పెండ్లి నిశ్చయమగు వఱకు దల్లి రోగమును దాచిన యిండ్లెన్ని లేవు? రక్తపరీక్షలో బి వైరసు కనబడిన కోడలికి కంచము వేరు, గ్లాసు వేరు, పక్క వేరు. ఆ వైరసు కలిసి భుజించుటవలనగాని, చేయి పట్టుకొనుటవలనగాని, ఒకే గ్లాసుతో నీళ్లు త్రాగుటవలనగాని యంటదు. రక్తమువలనను, సంభోగమువలనను, ప్రసవసమయమున దల్లినుండి బిడ్డకును సంక్రమించును. టీకావలన దానిని నివారింపవచ్చును. ఇంత తెలిసియు గంచము వేరుచేయుట మానని చదువుకొన్న యిండ్లు గలవు. వైద్యుడు మందు వ్రాసి యిచ్చును, పథ్యము చెప్పును. కాని రాత్రి రెండు గంటలవేళ నిద్రపట్టక దురదతో గోకికొనుచు ‘నాబోటివా డీ లోకమున నింకొకడు గలడా’ యని తలపోయువానికి వైద్యుడు సమాధానము చెప్పలేడు. ‘గలడు, నేనే’ యని చెప్పగలవాడు తోడిరోగి యొక్కడే.

ఈ సత్యమును మొదట లోకమునకు జాటినవారు పండితులు గారు, త్రాగుబోతులు. పందొమ్మిదవ శతాబ్ది ప్రథమార్ధమున నమెరికాలో మద్యపాన నిరోధ సంఘము లనేకము లుండెను. వాని యుద్దేశము మంచిది. కాని యవి త్రాగనివారిని త్రాగకుండ గాపాడుటకు బూనుకొన్నవేగాని త్రాగి చెడినవానిని జెంతకు రానిచ్చినవి గావు. వాడు చచ్చువఱకు వేచి, వాని నొక గుణపాఠముగా నుపన్యాసములలో జూపుటయే యా సంఘముల పద్ధతి. 1840 ఏప్రిలులో బాల్టిమోరు నగరమున నొక సారాయంగడిలో గూర్చున్న యార్గురు త్రాగుబోతులు, దరిజీ, వడ్రంగి, కమ్మరి మొదలగు పనివాండ్రు, తామే యొక సంఘము పెట్టుకొని యికమీద ద్రాగమని చేవ్రాలు చేసిరి. దానికి వాషింగ్టను పేరు పెట్టిరి. వారి సభలలో నుపన్యాసములు లేవు. ఒక్కొక్కడు లేచి తన కథ తాను చెప్పుకొనును. తరువాతి సభకు దనవంటివా నొకనిని వెంట దీసికొని వచ్చును. కొలది యేండ్లలో నీ యుద్యమము దేశమంతట వ్యాపించెను.

1842 ఫిబ్రవరి 22వ తేదీన స్ప్రింగుఫీల్డు నగరమున నీ సంఘమువారి సభలో నొక యువ న్యాయవాది ప్రసంగించెను. అతడు తరువాత నమెరికా యధ్యక్షుడైన అబ్రహాము లింకను. తాను మద్యము ముట్టనివాడయ్యు నాతడు పూర్వసంస్కర్తలనే తప్పుపట్టెను. త్రాగువానిని నిందించుట న్యాయమును గాదు, యుక్తమును గాదనియు, త్రాగని మనము వారికంటె నధికులమై కాదు, ఆ తృష్ణ మనకు లేకపోవుటచేతనే తప్పించుకొంటిమనియు నాతడు చెప్పిన మాటల సారము. సంస్కారాభిమానులమైన మన మీ మాటను నేటికిని నెమ్మదిగా ఆలోచింపవలసి యున్నది. మద్యమును నిందించుట వేరు, మద్యముపాలైనవానిని నిందించుట వేరు. రెండవదాని ఫలితముగా రోగి మద్యమును మానడు, వైద్యుని మానును.

వాషింగ్టను సంఘములు చిరకాలము నిలువలేదు. రాజకీయ వివాదములు, చట్టములను గూర్చిన తగవులు వానిలో జొరబడినవి, కట్టుబాటు లేదు. కాని విత్తనము చావలేదు. 1935 మే నెలలో నొహాయో రాష్ట్రమందలి ఆక్రను పట్టణమున బిల్ అను నొక స్టాకు దలాలి, అప్పుడే త్రాగుడు మానినవాడు, మరల ద్రాగుదునేమో యను భయముతో దనవంటివాని కొఱకు వెదకి, బాబ్ అను శస్త్రవైద్యుని గలిసికొనెను. పదునైదు నిమిషములకంటె నుండనని వచ్చిన వైద్యుడు గంటల తరబడి కూర్చుండెను. దలాలి యతనికి ధర్మోపదేశము చేయలేదు, తన కథ చెప్పెను. మద్యమువలన దేహమునకు గలుగు హాని నా వైద్యు డెరుగనిదా? ఎరిగియు మానలేకపోయెను. అతనికి గావలసినది తెలివిడి గాదు, తోడు. ఆ వైద్యుడు కడసారి త్రాగిన 1935 జూను 10వ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘమునకు జన్మదినముగా నెంచుదురు. ఇంటిపేరు చెప్పనక్కరలేదు, రుసుము లేదు, వాదము లేదు. ఈ మూడు నియమములతో నా సంఘము దేశదేశములకు బ్రాకినది. భార్యలకును బంధువులకును 1951లో నల్-అనాన్ అను వేరొక సంఘ మేర్పడెను. కాలేయమునకు దీనితో నేమి సంబంధ మనరాదు. మద్యముచే గాలేయము గట్టిపడినవాడైనను పూర్తిగా మానినచో నాయువు పెరుగునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఆ మానుట నిలుపుకొనుటకు దోడు మందువంటిదే.

మన యాంధ్రదేశమున నీ చరిత్రలో నొక గొప్ప ఘట్టము గలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడులలో నక్షరములు నేర్చుకొనుటకు జేరిన స్త్రీలు, పాఠములోని కథ తమ కథయేనని గుర్తించి, సారా కొట్లు మూయించుటకు బయలుదేరిరి. ఒక్కొక్కతె తన యింట దానొక్కతెయే పడుచున్న దనుకొన్న బాధ ఊరంతటిదని తెలియుటయే యా యుద్యమమునకు మూలబలము. దాని ఫలముగా 1993 అక్టోబరు 1వ తేదీ నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. ఆ తల్లుల కెన్ని నమస్కారములు చేసినను జాలవు. కాని యంగడి మూయించుట యొక పని. అప్పటికే కాలేయము చెడి మంచమెక్కినవానికి దోడుండుట మరియొక పని. మొదటిదానిని మన మూరేగింపులతో జేసితిమి. రెండవది నిశ్శబ్దముగా, ప్రతిదినము చేయవలసిన పని యగుటచేత దానికి బూనుకొన్నవారు తక్కువ.

ఇక వైరసుల కథ. 1965లో బ్లంబర్గు అను నమెరికా శాస్త్రవేత్త హెపటైటిస్ బి వైరసునకు సంబంధించిన పదార్థమును రక్తమున గనిపెట్టినట్లు ప్రకటించెను; ఆయనకు 1976లో నోబెల్ బహుమానము వచ్చెను. సి వైరసు మాత్రము చాలకాలము పేరులేనిదై యుండి, 1989లో గాని బయటపడలేదు. అంతకు బూర్వము రక్తము నెక్కించుకొన్నవా రనేకులు, ప్రసవమున నెత్తురుపోయి రక్తము పొందిన తల్లులతోసహా, తమకు దెలియకయే యా వైరసును మోయుచుండిరి. పరీక్ష వచ్చిన తరువాత వారికి దెలిసినది రోగముపేరొక్కటియే. ఎవరి నడుగవలెను? సూదిమందుతో మత్తుపదార్థముల నెక్కించుకొనువారి రోగమని దానికి జెడ్డపేరు వచ్చియుండుటచేత నడుగుటకే నోరు రాదు.

బ్రిటనుదేశస్థుడు చార్లెస్ గోర్‌కు 1995లో నీ వ్యాధి యున్నదని తెలిసెను. 1998లో గాలేయము గట్టిపడినదనియు దెలిసెను. 2000లో నాతడు తోడిరోగులతో గలిసి హెపటైటిస్ సి ట్రస్టును స్థాపించెను. అందు టెలిఫోనులో సమాధానము చెప్పువా రా రోగమును స్వయముగా నెరిగినవారు. వ్యాధి నయమైనవారు కారాగారములకును, మత్తు మాన్పించు కేంద్రములకును బోయి, పరీక్ష చేయించుకొనుడని చెప్పుట యచ్చట నొక క్రమమైన పనియైనది. ఉద్యోగి మాట విననివాడు తనవలె జైలులో గడపి వచ్చినవాని మాట వినును. 2007లో ననేక దేశముల రోగిసంఘములు గలిసి ప్రపంచ హెపటైటిస్ కూటమిగా నేర్పడెను. గోర్ దానికి ప్రథమాధ్యక్షుడు. 2008 మే 19వ తేదీన వారు జరిపిన ప్రథమ దినోత్సవమున బెట్టిన ప్రశ్న చిన్నది: ‘ఆ పండ్రెండవవాడను నేనేనా?’ లోకమున బండ్రెండుగురిలో నొకరు బి గాని సి గాని వైరసుతో నున్నారని యప్పటి లెక్క. ఆ ప్రశ్నలో నొక గొప్ప నేర్పు గలదు. అది రోగిని వ్రేలుపెట్టి చూపదు. అడుగువాడే తన్ను దా నడుగుకొనును. 2010లో ప్రపంచ ఆరోగ్యసభ యా దినమును దాను స్వీకరించి, బ్లంబర్గు పుట్టినరోజైన జూలై 28వ తేదీకి మార్చెను. రోగులు మొదలుపెట్టిన పండుగను ప్రభుత్వములు జరుపవలసివచ్చినది.

2013 డిసెంబరులో సి వైరసును నిర్మూలించు సోఫోస్బువిర్ అను మాత్ర కమెరికాలో ననుమతి లభించెను. పండ్రెండు వారముల చికిత్సకు వెల 84,000 డాలర్లు. అనగా మాత్ర వేయి డాలర్లు. మందు కనబడుచు నందకుండుట మందు లేకపోవుటకంటె గష్టము. ఢిల్లీలో హెచ్.ఐ.వి. సోకినవారు తమకై తాము పెట్టుకొన్న యొక సంఘము గలదు. వారిలో ననేకులకు సి వైరసును గలదు. వారు 2014లో నా మందుమీది పేటెంటు దరఖాస్తును భారతదేశమున నెదిరించిరి. ఒకరినొక రోదార్చుకొనుటకు జేరిన రోగులు చట్టపుస్తకములు చదివి యభ్యంతరములు వ్రాయువారైరి! ఆ యేటనే యా కంపెనీ భారతదేశపు మందుల కంపెనీలు కొన్నింటికి దయారుచేయు ననుమతి నిచ్చెను. 2016లో బేటెంటు మంజూరైనను అప్పటికే చౌకమందు విపణిలోనికి వచ్చియుండెను. దానిని దయారుచేసినవానిలో మన హైదరాబాదు కంపెనీలైన హెటెరో, నాట్కో యుండుట మనకు సంతోషకరము. 2015లో టాస్మేనియావాసి గ్రెగ్ జెఫ్రీస్ అను రోగి తన దేశమున నందని మందుకొఱకు మద్రాసునకు, అనగా నేటి చెన్నైకి, వచ్చి కొనుక్కొని పోయెను. తాను దెచ్చుకొని యూరకుండక, వచ్చు తెరవు నితరులకు జెప్పుటయే పనిగా బెట్టుకొనెను. మన దేశమున 2018 జూలై 28వ తేదీన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమ మారంభమై, ప్రభుత్వ వైద్యశాలలలో నీ మందు నుచితముగా నిచ్చు నేర్పాటు జరిగినది. ఈ సంగతి యెరుగక యింటిలో గ్రుంగుచున్నవాడు నేటికిని గలడు. వానికి దెలుపువా డెవ్వడు?

మందులను గూర్చియే గాదు, మాటలను గూర్చియు రోగులు పోరాడిరి. పిత్తనాళములు క్రమముగా జెడు నొక వ్యాధి గలదు. అది మిక్కిలిగా స్త్రీలకు వచ్చును. దానికి 1950 ప్రాంతమున ‘ప్రైమరీ బిలియరీ సిరోసిస్’ అను పేరు స్థిరపడెను. మద్య మెన్నడును ముట్టని గృహిణులు తమ రోగముపేరు చెప్పగానే యెదుటివారి కనుబొమ్మలు ముడిపడుట జూచిరి. పైగా నా పేరు తప్పు. సకాలమున గనిపెట్టినచో బెక్కుమందికి గాలేయము గట్టిపడనే గట్టిపడదు. 1996లో నీ వ్యాధిగల కొలెట్ థేన్ అను నామె స్కాట్లండున దోడిరోగులకై యొక సంస్థ నేర్పరచెను. ఇట్టి సంస్థల సభ్యులు పేరు మార్చవలెనని వైద్యుల నడిగిరి. 2014లో మిలాను నగరమున జరిగిన వైద్యసమావేశమున నీ కోరిక చర్చకు వచ్చెను. 2015లో ‘సిరోసిస్’ తొలగి, వాపు నర్థముగా గల ‘కొలాంజైటిస్’ దాని చోట నిలిచెను. 2023లో గ్రొవ్వుపట్టిన కాలేయమునకు సైతము క్రొత్త పేరు వచ్చెను. ఆ నిర్ణయమున 56 దేశముల 236 మంది పాల్గొనిరి. వారిలో రోగుల ప్రతినిధులును గలరు. ‘క్రొవ్వు’ అను మాట నిందాకరమని నూటికి 66 మందియు, ‘మద్యేతర’ యను మాట నిందాకరమని 61 మందియు జెప్పిరి. ‘మద్యేతర’ మనుటలో నింద యేమని కొందఱడుగవచ్చును. ఒకనిని బరిచయము చేయుచు ‘వీడు దొంగ గాడు’ అని చెప్పినచో వినువాని కేమి తోచునో యదియే.

కాలేయమును మార్చుట మరియొక యధ్యాయము. 1963లో డెన్వరు నగరమున స్టార్జల్ అను శస్త్రవైద్యుడు తొలిప్రయత్నము చేసెను, రోగి దక్కలేదు. 1967లో గాని యొక రోగి యేడాదికి మించి బ్రతుకలేదు. మన దేశమున 1998లో ఢిల్లీలో గాంచీపురమునకు జెందిన సంజయ్ కందస్వామి యను నెలల బిడ్డకు దండ్రి తన కాలేయమున గొంత యిచ్చి బ్రతికించెను. పెరిగి పెద్దవాడైన యా బిడ్డ వైద్యుడైనాడు. ఆపరేషను బల్లపై బడుకొనబోవు తల్లికిగాని తండ్రికిగాని శస్త్రవైద్యుడు చెప్పు నూటి లెక్కలకంటె, ‘నే నిచ్చితిని, ఇదిగో నడుచుచున్నాను’ అని కడుపుపై మచ్చ చూపు తోడిమనిషి యెక్కువ ధైర్యము నీయగలడు.

అయితే యీ సాంగత్యమునకు నొక హద్దు గలదు. తోడిరోగి వైద్యుడు గాడు. మన యూళ్లలో గామెరలకు బసరు పోయుట నేటికిని గలదు. నీటివలన, ఆహారమువలన వచ్చు కామెరలు పెక్కుమందికి దమంతట దామే కొలది వారములలో దగ్గును. ఆ కీర్తి పసరునకు దక్కును. ‘నాకు తగ్గినది, నీవును మ్రింగుము’ అను మాట ప్రేమతో జెప్పినదైనను, మూలికలలో గొన్ని కాలేయమునకే విషము. కావున మంచి తోడు చెప్పవలసినవి నాలుగే: నా కిట్లు జరిగినది, భయపడకుము, పరీక్ష చేయించుకొనుము, నీతో నేను వచ్చెదను. మందుపేరు చెప్పుట వైద్యునికి విడువవలెను.

ఈ చరిత్ర యంతయు జూచిన తరువాత మనకు దోచున దొక్కటి. బాల్టిమోరు సారాయంగడి మొదలు మిలాను సభామందిరము వఱకు, మార్పునకు మొదలు రోగి నోరు విప్పుటయే. రోగి నోరు విప్పవలెనన్న వినువాని కనులలో నింద యుండరాదు. రోగుల సంఘము లేర్పడుటకు ముందే మన యింట మనము చేయదగిన పని యున్నది. చుట్టమునకు గాలేయము చెడినదని వినినపుడు ‘త్రాగునా?’ అను ప్రశ్న మన నాలుక చివరకు వచ్చును. దాని నచ్చటనే మ్రింగి, ‘వైద్యుని యొద్దకు దోడు రానా?’ అని యడుగుదము. వేరుచేసిన కంచమును మరల బంతిలో బెట్టుదము. త్రాగి చెడినవాడైనను వానిని బంతినుండి లేపకుందము. అంతమాత్రము చేసినచో గామెరలు మన చూపునకు దగ్గినట్లే.